మొదటి మాట

అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించడం దగ్గర ఆ ఇంట్లో పొద్దున్నే గొడవ మొదలైంది.

"మళ్ళీ అతికించారా దీన్ని?" స్నానాలగది తలుపు తీసుకుని వచ్చి అడిగింది డాక్టరమ్మ. "ఎన్నిసార్లు చెప్పానండీ! చేతిలోకి తీసుకున్నానో లేదో ముక్క ఊడి కాలిమీద పడింది."

సర్వేయరు గారు పేపరులోంచి తల ఎత్తలేదు. "అతుకు పెట్టాక ఒక పూట ముట్టుకోకూడదు. ఆరితే రెండూ ఒకటే సబ్బు. ఆరకముందే ఎవరో వాడేశారు."

"ఎవరో ఏమిటి, నేనే. ఇంట్లో స్నానం చెయ్యడానికి తమరి సంతకం కావాలని తెలీక వాడేశాను."

"ఆ చిన్న ముక్క పారేస్తే ఏం పోతుంది నాన్నా?" అంది కూతురు, దువ్వెన జుట్టులోనే వదిలేసి.

"సబ్బు పోదే, మీ నాన్న పరువు పోతుంది," అన్నారు అత్తగారు తన కుర్చీలోంచి. "మీ తాతయ్యా ఇంతే. ముక్కలన్నీ పోగేసి ముద్ద చేసేవారు. అది ఏ రంగో, ఏ వాసనో తెలిసి చచ్చేది కాదు. ఆ ముద్దతోనే కాపురం చేశాను."

అందరూ నవ్వారు. డాక్టరమ్మకీ నవ్వొచ్చింది గానీ, తలుపు మాత్రం కాస్త గట్టిగానే వేసుకుంది. నిజానికి ఆవిడ కోపం సబ్బు మీద కాదు. ఆ రోజు బ్యాంకులో మీటింగు. మీటింగు ఉన్న రోజున ఇంట్లో ఏదో ఒకటి ఆవిడ నోటికి దొరుకుతుంది. పోయినసారి మూత పెట్టని నీళ్ళ బిందె. అంతకుముందు తలుపు మీద ఆరేసిన తువ్వాలు.

ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ అంటువ్యాధుల డాక్టరు. ఒక రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మందు రాసిచ్చే డాక్టరు కాదు. ఒక పేటలో జ్వరాలు మొదలైతే ఇంటింటికీ తిరిగి, ఏం తిన్నారు, ఎక్కడి నీళ్ళు తాగారు, ఎవరింటికి వెళ్ళొచ్చారు అని అడిగి, అన్ని ఇళ్ళకీ కలిసే దారి ఎక్కడుందో పట్టుకోవడం ఆవిడ పని. ఒక వేసవిలో ఊరికి ఆ మూల కొన్ని, ఈ మూల కొన్ని ఇళ్ళు జబ్బు పడ్డాయి. ఒకరికొకరు ముఖం కూడా తెలీదు. చివరికి చూస్తే అందరి గ్లాసుల్లోనూ ఐసు ఒక్క ఫ్యాక్టరీదే. అది కనిపెట్టింది డాక్టరమ్మ.

ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాదికి ఒక బ్యాంకు కమిటీ ఛైర్మన్ గారు ఇంటికి ఫోన్ చేశారు. పెద్దాయన, మర్యాదస్తుడు. "మా బోర్డులో రిస్కు కమిటీ అని ఒకటుంది డాక్టర్ గారూ. అప్పులిచ్చినా, కొత్త పని మొదలుపెట్టినా, ఎక్కడ దెబ్బ తగలొచ్చో ముందుగా చూసే కమిటీ. ఇన్నాళ్ళూ అందులో అందరం ఒకే బడిలో చదివి, ఒకే రకం సూటు కుట్టించుకున్న బ్యాంకు ముసలివాళ్ళమే. ఒకడికి కనబడనిది ఇంకొకడికీ కనబడదు. మీలాంటివాళ్ళు కావాలి," అన్నారు.

ఆ మాట ఆవిడకి నచ్చింది. ఒప్పుకుంది.

"రిస్కు కమిటీ అంటే ఏం చేస్తారే అమ్మాయ్?" అని అడిగారు అప్పట్లో అత్తగారు.

"ఏం జరుగుతుందో అని ముందే భయపడతాం అత్తయ్యా."

"భయపడ్డానికి జీతమా! అయితే మీ పెళ్ళయినప్పటి నుంచి నాకు రావాల్సింది ఎంతవుతుందో లెక్క కట్టి ఇప్పించు."

ఛైర్మన్ గారు మాట నిలబెట్టుకున్నారు. పాతవాళ్ళు దిగిపోయిన చోట్ల కమిటీలోకి డాక్టరమ్మతో పాటు ఇంకో ఇద్దరిని తెచ్చారు. ఆయనతో కలిపి నలుగురు. ఒకరు వకీలు గారు, కొండల్లో పుట్టి పెరిగిన మనిషి. యాస ఇంకా నాలిక మీదే ఉంది. ఒకప్పుడు కోర్టులో దాన్ని విని నవ్వారట, అందుకని పొదుపుగా మాట్లాడతారు. రెండోవాడు కంప్యూటర్ల కుర్రాడు. కుర్రాడంటే మరీ కుర్రాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. కానీ ఆ బల్ల దగ్గర అందరి జుట్టూ నెరిసింది కనక అతను కుర్రాడే.

కొత్తవాళ్ళు మొహమాటపడి నోరు విప్పరేమోనని ఛైర్మన్ గారు మొదటి రోజే ఒక పద్ధతి పెట్టారు. ఎవరికి తెలిసిన విషయం వస్తే వాళ్ళదే మొదటి మాట. ప్రశ్నలు అడగాలన్నా, పక్కవాళ్ళ చేత ఏదైనా చెప్పించాలన్నా ఆ హక్కు వాళ్ళదే. ఆసుపత్రుల కాగితం వస్తే డాక్టరమ్మ. కోర్టులూ లీజులూ వస్తే వకీలు గారు. యంత్రాల సంగతి కుర్రాడిది. వ్యాపారాల అప్పులు ఛైర్మన్ గారివి. మిగిలినవాళ్ళు వరసగా "నాకు అభ్యంతరం లేదు" అనాలి.

మొదట్లో ఎంత గౌరవంగా అనిపించిందో! ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆవిడ నోట్లో మాట నోట్లో ఉండగానే ఎవరో ఒకరు అందుకునేవారు. ఇక్కడ ఆవిడ గొంతు సవరించుకుంటే గదంతా పెన్నులు దించేసి వినేది. కానీ రానురాను మొదటి మాట కాస్తా చివరి మాట అయి కూర్చుంది. ఆసుపత్రుల మీద డాక్టర్ గారు చెప్పాక ఇంకొకరు నోరు తెరిస్తే అది ఆవిడని అవమానించినట్టే. లీజు మీద డాక్టరు అడగబోతే వకీలు గారిని శంకించినట్టే. ఎవరి వాకిలి వాళ్ళు ఊడ్చుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. వీధి ఎవరిదీ కాదు.

ఆవిడ మాత్రం కాగితాలన్నీ చదివేది, తనవీ తనవి కానివీ. అది పాత అలవాటు. ఒక్క ఇల్లు చూసి వచ్చేస్తే ఆవిడకి అన్నం సయించేది కాదు. ఈసారి చదువుతుంటే ఒక పేరు దగ్గర వేలు ఆగింది. అది శీతల గిడ్డంగులు నడిపే ఒక కంపెనీ. దానికి కొత్తగా చాలా పెద్ద అప్పు ఇవ్వాలని కాగితం. వెనక్కి తిరగేసింది. తను పోయిన మీటింగులో అప్పుకి సరేనన్న ఆసుపత్రులు మందులు దాచుకునేది ఆ కంపెనీ గదుల్లోనే. బ్యాంకు కంప్యూటర్లు ఆగిపోతే వాటి పని అందుకోవాల్సిన యంత్రాలు ఉన్నది ఆ కంపెనీ భవనంలోనే. బ్యాంకు శాఖలు కొన్ని అద్దెకున్నదీ వాళ్ళ స్థలాల్లోనే.

ఐసు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది ఆవిడకి.

ఇంట్లో ఎవరికైనా చెబుదామంటే కుదరదు. కమిటీ సంగతులు గుమ్మం దాటకూడదని చేరిన రోజే సంతకం పెట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో సర్వేయరు గారికి చెప్పని విషయం లేదు. ఈ బ్యాంకు వచ్చాకే నోటికి తాళం పడింది. పక్కన కూర్చుని టీ తాగుతూ, "ఏమిటి ఆలోచన?" అని ఆయన అడిగితే "ఏం లేదండీ" అనడం నేర్చుకుంది. ఆ "ఏం లేదు" ఆ ఇంట్లో చిన్న గది మాదిరి పెరుగుతూ వచ్చింది. అందులో ఆవిడ ఒక్కతే.

సబ్బు గొడవ అయిన ఆ రోజు మీటింగులో, గిడ్డంగుల కాగితం రాగానే ఛైర్మన్ గారు దాని మంచి నాలుగు మాటల్లో చెప్పి, "ఎవరికీ అభ్యంతరం లేదుగా?" అని కళ్ళజోడు తీశారు.

"ఒక్క మాట సర్," అంది డాక్టరమ్మ.

కళ్ళజోడు మళ్ళీ పైకి వెళ్ళింది.

"ఈ కంపెనీని మనం ఇప్పటికే మూడు చోట్ల ఆనుకుని ఉన్నాం సర్. మందులు వాళ్ళ దగ్గర, మన యంత్రాలు వాళ్ళ దగ్గర, మన శాఖల గుమ్మాలు వాళ్ళవి. ఏ కాగితానికి ఆ కాగితం చూస్తే బాగానే ఉంది. కానీ రేపు వాళ్ళకి దెబ్బ తగిలితే అన్నీ ఒక్కసారే మంచం పడతాయి. అప్పుడు పోయేది ఈ అప్పొక్కటే కాదు."

వకీలు గారు తన గోళ్ళు చూసుకుంటున్నారు. కుర్రాడు నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు.

"చాలా బాగా ఆలోచించారు," అన్నారు ఛైర్మన్ గారు, నిజంగానే మెచ్చుకుంటూ. "కానీ ఈ వ్యాపారం నేను ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాను డాక్టర్ గారూ. లీజుల సంగతి వకీలు గారు ముందే చెప్పారు. అంతేగా?"

"అంతే సర్. అభ్యంతరం లేదు."

"యంత్రాలు?"

"నా వైపు బాగానే ఉంది సర్."

"అయినా డాక్టర్ గారి మాట మీద గౌరవంతో దీన్ని వచ్చే మీటింగుకి ఉంచుదాం," అన్నారాయన.

మీటింగు అయ్యాక ఎప్పటిలాగే ఛైర్మన్ గారు లిఫ్టు దాకా వచ్చి సాగనంపారు. ఆ పెద్ద భవనంలో ఆవిడతో నాలుగు అడుగులు నడిచేది ఆయన ఒక్కరే. మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతారు, తన మనవరాలి అల్లరి చెబుతారు. లిఫ్టు తలుపులు మూసుకునేదాకా నిలబడతారు.

ఆ లిఫ్టులోకే కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. తలుపులు మూసుకోగానే గొంతు తగ్గించాడు. "మేడమ్, మీరు అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ భవనంలో పోయిన వేసవిలో కరెంటు పోతే జనరేటర్లు అందుకోలేదు. రెండుసార్లు."

"మరి లోపల ఎందుకు చెప్పలేదు బాబూ?"

"అది కరెంటు సంగతి కదా మేడమ్, కంప్యూటర్ల సంగతి కాదు. పైగా ఆ కాగితం పెద్దాయనది. నేనేమో అందరికంటే చిన్నవాణ్ణి. అతి చేస్తున్నాడనుకుంటారు."

కింద కార్ల దగ్గర వకీలు గారు తలుపు తీసి పట్టుకుని, ఎక్కకుండా నిలబడి ఉన్నారు. ఆవిడని చూసి రెండడుగులు ముందుకేశారు.

"ఆ కంపెనీ అన్నదమ్ములు ఒకళ్ళ మీద ఒకళ్ళు దావా వేసుకున్నారమ్మా. కంపెనీ ముక్కలైనా ఆశ్చర్యం లేదు."

"ఇది ఆ గదిలో అనాల్సిన మాట కదండీ!"

"నన్ను అడిగింది మన లీజుల గురించి. లీజులు గట్టివే. అడగనిదానికి జవాబు చెప్పొద్దనేది మా వృత్తిలో మొదటి పాఠం." ఆయన ఒక్క క్షణం ఆగారు. "నేను మాట్లాడితే వాళ్ళు మాట వినరమ్మా. యాస వింటారు."

కారు వెళ్ళిపోయాక కూడా ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో తనొక్కతే ఏకాకి అనుకుంది. కాదు. ఒక బల్ల చుట్టూ నలుగురూ ఎవరి కుర్చీలో వాళ్ళు ఒంటరిగానే కూర్చున్నారు. ఎవరికి వాళ్ళకి తెలిసినవన్నీ ఒక చోట పోస్తే బొమ్మ మొత్తం కనబడేది. లిఫ్టులో ఒక ముక్క, కార్ల దగ్గర ఒక ముక్క. ఆ ముక్కలు కూడా రహస్యంగా తన చెవిలో వేసినవే. ఇంకొకరి పేరు పెట్టి వాటిని తను బల్ల మీద పెట్టడానికి వీల్లేదు.

ఇంటికొచ్చేసరికి కూతురు భోజనాల బల్ల నిండా కాగితాలు పరుచుకుని ఉంది. ఆ పిల్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. రిస్కు కమిటీలో రకరకాల మనుషులుంటే బ్యాంకు బాగుపడుతుందా లేదా అన్నదే ఆ పరిశోధన. అమ్మని చూసే ఆ విషయం ఎంచుకుంది.

"అమ్మా, నువ్వు నా పట్టికలో ఉన్నావు తెలుసా?" అంది సంబరంగా. "ఆడవాళ్ళుంటే ఒకటి, లేకపోతే సున్నా. నీ వల్ల మీ బ్యాంకుకి ఒకటి పడింది."

"ఇంతా చదివి చివరికి ఒకటయ్యానన్నమాట."

"వెక్కిరించకు. లెక్క బాగానే వస్తోంది. తరహా తరహా మనుషులున్న కమిటీల బ్యాంకుల్లో మొండి బాకీలు తక్కువ, లాభం కాస్త ఎక్కువ. కానీ అన్నిట్లోనూ కాదు. కొన్నిట్లో అన్ని రకాలవాళ్ళూ ఉంటారు, అయినా తేడా ఏమీ ఉండదు. ఎందుకో అంతుపట్టడం లేదు. మా సారు రోజూ అదే అడుగుతున్నారు."

డాక్టరమ్మ చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది. "ఎవరు కూర్చున్నారో లెక్కేశావు. ఎవరు ఎవర్ని ఏం అడిగారో వేశావా?"

"అది ఎక్కడ దొరుకుతుందమ్మా? బ్యాంకులు బయటపెట్టవుగా."

"అవును," అంది ఆవిడ. "పెట్టవు."

కూతురు తలెత్తి చూసింది, ఇంకేమైనా చెబుతుందేమోనని. డాక్టరమ్మ పెదవి చివరిదాకా వచ్చిన మాటని మంచినీళ్ళతో మింగేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఛైర్మన్ గారు ఫోన్ చేశారు. మధ్యాహ్నం పూట, ఆవిడ కూరలు తరుగుతుంటే. మామూలు కుశలప్రశ్నలయ్యాయి. "నేనింక విశ్రాంతి తీసుకుందామనుకుంటున్నాను డాక్టర్ గారూ," అన్నారాయన. "ఈ కమిటీ కుర్చీ మీకు అప్పజెప్పి వెళ్ళాలని నా కోరిక. బోర్డులో అందరితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఒక్కటే. నా చివరి మీటింగు కదా. ఆ గిడ్డంగుల కాగితం ఏకగ్రీవంగా వెళ్తే బాగుంటుంది. మనలో మనకి రెండు మాటలున్నాయంటే, వీళ్ళని తెచ్చి పెద్దాయన తప్పు చేశాడని అనేవాళ్ళు పైన కాచుకుని ఉన్నారు."

ఆయన బెదిరించలేదు. బతిమాలారు. అదే వచ్చింది చిక్కు. బెదిరిస్తే ఆవిడకి తేలిగ్గా ఉండేది.

"ఆలోచించుకుంటాను సర్," అంది.

ఫోను పెట్టేసరికి అత్తగారు గుమ్మంలో ఉన్నారు. చెవి సరిగ్గా వినబడదనే మనిషికి అలాంటివి మాత్రం గోడ అవతలి నుంచి కూడా వినబడతాయి. "కుర్చీ అంటున్నాడు. పెద్ద కుర్చీయేనా?"

"ఇంకా ఏమీ కాలేదత్తయ్యా."

"కాకపోతే అవుతుందిలే," అని అప్పటికప్పుడే చెప్పులేసుకుని పక్కింటికి బయల్దేరారు. సాయంత్రానికి వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆమె కూడా, "ఛైర్మన్ అమ్మగారి చీరలు వేరే కట్ట కట్టమంటారా?" అని అడిగింది.

ఆ రోజులన్నీ డాక్టరమ్మ ఇంట్లో తిరుగుతూనే ఎక్కడో ఉండేది. ఒకసారి సరేనంటే చాలు. ఒక్కసారి. కుర్చీ చేతికొస్తుంది. ఆ పద్ధతి తీసి అవతల పారెయ్యొచ్చు. బల్ల దగ్గర ఎవరినైనా ఏదైనా అడగొచ్చు. కుర్రాడి నోరు విప్పించవచ్చు, వకీలు గారి యాసలో కోర్టు సంగతులన్నీ వినవచ్చు. అంత మంచికి ఒక్క "అభ్యంతరం లేదు" పెద్ద ఖరీదేమీ కాదు. అలా అనుకుని కాస్త తేలికపడి పొయ్యి దగ్గరికి వెళ్ళేది. కూర దించేలోపు మళ్ళీ బరువెక్కేది. ఆ కుర్చీకి మెట్టు ఆ అప్పే అయితే, ఎక్కి కూర్చున్నాక ఆ మెట్టుని ఎలా వేలెత్తి చూపగలదు? "మీరూ సరేనన్నారు కదా" అంటే మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? ఐసు ఫ్యాక్టరీవాడు కూడా అప్పట్లో ఇంటికొచ్చి, ఈ సీజను ఒక్కటీ వదిలెయ్యమని బతిమాలాడు. అతనూ మంచివాడే. పిల్లలున్నవాడు.

ఇదంతా ఎవరితోనైనా ఒక్కసారి బయటికి అంటే తేలిపోయేదేమో. సర్వేయరు గారు పక్కనే కూర్చుని రేడియోలో వాతావరణం వింటున్నారు. ఆవిడ ఆయన భుజం వైపు చూసి, లేచి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెట్టుకుంది.

తర్వాతి మీటింగు రోజు ఇంట్లో గొడవ లేదు. అదే వింతగా ఉందన్నారు సర్వేయరు గారు.

బల్ల మీద పూలగుత్తి పెట్టారు, పెద్దాయన చివరి రోజని. గిడ్డంగుల కాగితం మొదటే తీశారు. ఆయన చెప్పాల్సింది చెప్పి, ఆవిడ వైపు చూసి చిన్నగా నవ్వారు.

డాక్టరమ్మ ముందు వకీలు గారి వైపు చూసింది. ఆయన కాగితం అంచు మడుస్తున్నారు. కుర్రాడి వైపు చూసింది. ఇవాళ సీసా కూడా లేదు అతని చేతికి, వేళ్ళే తిప్పుకుంటున్నాడు. ఇద్దరిలో ఒక్కరు గొంతు సవరించుకున్నా చాలు, అనుకుంది. మనసులో వాళ్ళని అడుక్కుంది కూడా.

"నాకు అభ్యంతరం లేదు," అన్నారు వకీలు గారు.

"నాకూ లేదు సర్," అన్నాడు కుర్రాడు.

"నాకుంది," అంది డాక్టరమ్మ. "నేను ఒప్పుకోను సర్."

ఛైర్మన్ గారు మెల్లగా అన్నారు. "ముగ్గురం ఒప్పుకున్నాం కనక ఎలాగూ పై బోర్డుకి వెళ్తుంది. డాక్టర్ గారి సందేహాలు గమనించామని రాసి, ఏకగ్రీవం అందాం. ఏమంటారు?"

"గమనించామని కాదు సర్. ఒప్పుకోలేదని రాయించండి."

"మీ పేరుతోనా?"

"నా పేరుతోనే."

ఆయన పెన్ను మూత పెట్టారు. ఆ ముఖంలో కోపం వెతికింది ఆవిడ. దొరకలేదు. బాగా ఇష్టపడి కొన్న వస్తువు ఇంటికి తెచ్చాక పనిచెయ్యకపోతే మనిషి ఎలా చూస్తాడో అలా చూశారు.

మీటింగు అయ్యాక ఆయన లేవలేదు. పూలగుత్తి పక్కనే కూర్చుని ఎవరితోనో ఫోను మాట్లాడుతున్నారు. డాక్టరమ్మ తన సంచీ తీసుకుని పొడుగాటి వరండాలో నడిచింది. ఎప్పుడూ మాటల్లో పడి చూడలేదు గానీ, ఆ వరండా చాలా పొడుగు. లిఫ్టు వచ్చింది. కుర్రాడు దూరంగా నిలబడి, తర్వాతిదానికి వస్తానన్నట్టు చెయ్యి ఊపాడు. తలుపులు మూసుకుంటే లోపలి అద్దంలో ఆవిడకి ఆవిడే తోడు.

సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు మంచి చీర కట్టుకున్నారు. కూతురు ఎక్కడినుంచో మిఠాయి పెట్టె తెచ్చి, మధ్యలో పెట్టి, మూత తియ్యకుండా చూస్తోంది.

"చెప్పవే అమ్మాయ్," అన్నారు అత్తగారు. "పక్కింటావిడ ఇప్పటికి మూడుసార్లు వచ్చి పోయింది. పంచదార అయిపోయిందట, ఉప్పు అయిపోయిందట. వాళ్ళింట్లో అన్నీ ఇవాళే అయిపోయాయి పాపం."

డాక్టరమ్మ అందరికీ వడ్డించింది. తన కంచంలో కూడా పెట్టుకుంది. అన్నం కలిపి, కలిపింది అలాగే ఉంచింది.

"కుర్చీ రాలేదత్తయ్యా. ఇంక రాదు కూడా."

కూతురు మిఠాయి పెట్టెని నెమ్మదిగా బల్ల చివరికి జరిపింది.

"ఏం జరిగిందమ్మా?"

"చెప్పకూడదు."

"నాకు కూడానా?" అన్నారు సర్వేయరు గారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

"మీకు కూడా చెప్పకూడదండీ. ఒకదానికి వద్దన్నాను. మిగిలిన వాళ్ళంతా సరేనన్నారు. అంతవరకే చెప్పగలను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. ఆవిడ ముఖం చాలాసేపు చూశారు, సర్వే గొలుసు పట్టుకుని కొత్త పొలం చూసినట్టు. "అయితే రాజీనామా ఇచ్చెయ్. వాళ్ళు పొమ్మనేదాకా ఎందుకు? పరువుగా వచ్చెయ్ ఇంటికి."

"అవునమ్మా, మానెయ్," అంది కూతురు. "నలుగురికీ తెలుస్తుంది. పేపర్లో వస్తుంది. నువ్వు ఊరికే కూర్చున్నదానివి కాదని తెలియాలి కదా!"

"మానేస్తే వాళ్ళు ఇంకో లేడీ డాక్టర్ని తెచ్చి కూర్చోబెడతారు. నీ పట్టికలో ఒకటి ఒకటిగానే ఉంటుంది. ఆవిడకీ ఆసుపత్రుల కాగితమే ఇస్తారు. మర్యాదగా మొదటి మాట ఇస్తారు. ఆవిడకీ బాగానే ఉంటుంది, నాకు ఉన్నట్టే."

"మరేం చేస్తావు?"

"ఉంటాను," అంది డాక్టరమ్మ. ఆ మాట అన్నాకే ఆవిడకి కూడా అది తెలిసినట్టయింది. "నా గడువు ఇంకో ఏడాది ఉంది. కుర్చీ ఎవరికిచ్చినా సరే, నా చోట నేనుంటాను. వచ్చే మీటింగులో ఆసుపత్రుల సంగతి వస్తుంది. మొదటి మాట నాది. అడిగే హక్కూ నాదే. నేను ముందు చెప్పను. వకీలు గారిని పేరు పెట్టి అడుగుతాను, మీకేం తెలుసో చెప్పండని. తర్వాత ఆ కుర్రాణ్ణి. నాకు తెలీనిది నాకు తెలీదంటాను. ప్రతిసారీ అలాగే చేస్తాను."

"వాళ్ళ ముందు నువ్వు చిన్నబోవా?" అన్నారు సర్వేయరు గారు.

"బోతాను."

"వాళ్ళు అప్పటికీ నోరు విప్పకపోతేనో?" అన్నారు అత్తగారు.

డాక్టరమ్మ ముద్ద తీసుకుంది. చల్లారిపోయింది.

"విప్పేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటానత్తయ్యా. ఒక్కదాన్నీ కూర్చోవడం అక్కడ నాకు అలవాటే."